మన యాస మాట్లాడాలంటే సిగ్గైతున్నది, మీకూ ఇట్లనే ఉండెనా?

హన్మకొండ_పిల్ల:
డిగ్రీ దాక హన్మకొండలనే చదివిన. హైదరాబాద్‌ల ఉద్యోగంల చేరిన మొదటి వారమే, మీటింగ్‌ల నేను "గట్లనే చేద్దం" అంటే ఇద్దరు నవ్విండ్రు. అప్పటిసంది ప్రతి మాట లోపల సర్దుకొని గాని బయటికి తీస్తలేను. ఇంటికి ఫోన్ చేసినా అదే. మా అమ్మ "ఏందే, పరాయోళ్లతోని మాట్లాడినట్టు మాట్లాడుతున్నవ్" అన్నది. ఆ రాత్రి నిద్ర పట్టలే. నాల ఏదో తక్కువున్నదనే ఆలోచన మీరెట్ల పోగొట్టుకున్నరు?

కాజీపేట_జంక్షన్:
చెల్లె, నాది యాస కాదు, బొల్లి. తొమ్మిదో తరగతి సంది చేతుల మీద మచ్చలు. ఎండకాలంల గూడ నిండు చేతుల అంగీలే ఏసుకునేటోన్ని. మందులకు కొన్ని తగ్గినయ్, కొన్ని ఉండిపోయినయ్. ఎవరో చెప్తే రోజూ అద్దం ముంగట నిలబడి "మంచిగున్న, మంచిగున్న" అనుకున్న. అబద్ధమాడినట్టే అనిపించేది. "మచ్చలున్నయ్, ఇవి నా చేతులే" అనుకునుడు మొదలుపెట్టినంక జర తేలికైంది. దానికే ఏండ్లు పట్టింది. మొన్న ఎండకాలం ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలతోని పొట్టి చేతుల అంగీల పోయిన. ఒకాయన "అంటుకుంటదా?" అన్నడు. అంటుకోదన్న. ఇగ ఇద్దరం రేటు ముచ్చట్ల పడ్డం.

మంథని_టీచరమ్మ:
ఆల్బర్ట్ ఎలిస్ అనే మనస్తత్వవేత్త చెప్పిన మాట నాకు చాలా పనికొచ్చింది. మనం చేసిన పనికి మార్కులు వేసుకోవచ్చు, మనిషికి మొత్తంగా వేయలేం. ఇంటర్ తప్పిన పిల్లలకు ఇదే చెప్పి, వెంటనే సప్లిమెంటరీ ఫీజు కట్టిస్తా. నీ దోస్తును చూసి ఎవరైనా నవ్వితే ఏమని ఓదారుస్తవో ఆ మాటలు ఒక కాగితం మీద రాసుకో తల్లీ, నీ కోసం. ఇంకొకటి, మన కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9నే తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. నువ్వు సిగ్గుపడుతున్నది ఆ భాషకే.

పరకాల_తమ్ముడు:
మేడం, పెండ్లిళ్లల్ల "ఇంకా నౌకరి రాలేదారా?" అంటే ఈ మాటలేవీ యాదికి రావు. నాకైతే నెల రోజులు తిండి సయించలే. 14416కు, మనసు బాగలేనోళ్లతోని మాట్లాడే సర్కారు హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు, ఫోన్ చేసిన. పైసలు తీసుకోరు, తెలుగులనే మాట్లాడిండ్రు. నిద్ర పడతలేదన్నవ్ గద అక్కా, ఒకసారి చెయ్యి.

హన్మకొండ_పిల్ల:
అందరికీ దండాలు. కాగితం రాసుకున్న. ఇయ్యాల మీటింగ్‌ల "గట్లనే చేద్దం" అన్న. ఒకామె అర్థం కాలే, మళ్ల చెప్పమన్నది. మళ్ల అదే మాట చెప్పిన.