కోనసీమ తీరం సంగతి పార్లమెంటులో రక్షణ మంత్రిని అడిగించాలంటే ప్రశ్న ఎలా రాయాలి?

సఖినేటిపల్లి_రేవు:

అంతర్వేది నుంచి భైరవపాలెం దాకా ఉన్న కొన్ని మత్స్యకార సంఘాలు వచ్చే పార్లమెంటు సమావేశాల్లో ఎంపీ చేత రక్షణ మంత్రిని ఒక ప్రశ్న అడిగించాలని చూస్తున్నాయండి. కాగితం ఇప్పటికే ఒకటిన్నర పేజీ అయ్యింది. కాకినాడ వైపు నేవీ విన్యాసాలు జరిగేటప్పుడు చిన్న పడవలకు ముందుగా కబురు అందకపోవడం, కోస్ట్‌గార్డ్ గస్తీ, బోట్లకు ట్రాన్స్‌పాండర్లు (పడవ ఎక్కడుందో తెలిపే పరికరాలు), వేట నిషేధ భృతి, చివర్న కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం, అన్నీ అందులోనే ఉన్నాయి. ఇవన్నీ ఒకే ప్రశ్నలో పెట్టొచ్చా? ఎన్నాళ్ల ముందు ఇవ్వాలి? "దేశ భద్రత దృష్ట్యా చెప్పలేం" అనే జవాబు రాకుండా రాయడం కుదురుతుందా? సంఘాల్లో నరసాపురం వైపు వాళ్లు, యానాం వాళ్లు కూడా ఉన్నారు. ఏ ఎంపీ దగ్గరికి వెళ్లాలన్నది కూడా తేలడం లేదు.

గెజిట్_గోదారి:

ఆ ఒకటిన్నర పేజీ అలాగే వెళ్తే లోక్‌సభ సచివాలయం దాటి ముందుకు రాదండి. లోక్‌సభ నియమావళిలో 41వ నియమం ప్రకారం ప్రశ్న 150 పదాలు దాటకూడదు. పైగా ఒక ప్రశ్న ఒక మంత్రికే. మీరు రాసినవి కనీసం నలుగురివి, ఒకటి అసలు ఢిల్లీదే కాదు.

కోస్ట్‌గార్డ్, నేవీ రెండూ రక్షణ శాఖవే. తీరంలో మెరైన్ పోలీస్ స్టేషన్లు, వాటి పడవలు మాత్రం రాష్ట్ర పోలీసులవి. వాటికి డబ్బిచ్చే తీర భద్రతా పథకం కేంద్ర హోంశాఖలోని సరిహద్దు నిర్వహణ విభాగం చూస్తుంది. కాబట్టి "గస్తీ చాలడం లేదు" అన్న ఫిర్యాదు ఏ పడవల గురించో ముందు తేల్చుకోండి. ఎక్కువ ప్రశ్నలు ఇక్కడే దారి తప్పుతాయి. రక్షణ శాఖ "ఇది హోంశాఖకు సంబంధించినది" అని బదిలీ చేస్తుంది, ఈలోగా సమావేశాలు అయిపోతాయి.

ట్రాన్స్‌పాండర్లు మత్స్యశాఖవి, అంటే కేంద్ర మత్స్య, పశుసంవర్ధక, పాడి పరిశ్రమల మంత్రి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద లక్ష పడవలకు పెట్టాలని 364 కోట్ల రూపాయలతో పథకం ఉంది. అందులో ఆంధ్రప్రదేశ్‌కు కేటాయించినవెన్ని, అమర్చినవెన్ని అని జిల్లాల వారీగా అడిగితే అంకెలు రాక తప్పదు. రైలు మార్గం రైల్వే మంత్రికి.

ఇక భృతి. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. ఆ రోజులకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే భృతి ఎందుకు ఆగిందన్నది అసెంబ్లీలో అడగాల్సిన మాట. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో మత్స్య పరిశ్రమ రాష్ట్ర జాబితాలో 21వ అంశం. ప్రాదేశిక జలాలు దాటాక, అంటే 12 నాటికల్ మైళ్ల అవతల, కేంద్ర జాబితాలో 57వ అంశం. ఈ గీత గుర్తుంటే సగం తిరస్కరణలు తప్పుతాయి.

పాలకొల్లు_లాకులు:

ఎంపీ సంగతి నేను చెప్తాను. నరసాపురం ఎంపీ 2024 జూన్ నుంచి కేంద్ర సహాయ మంత్రి. మంత్రులు సభలో జవాబులు చెప్పేవాళ్లే గానీ ప్రశ్నలకు నోటీసులు ఇవ్వరు. కాబట్టి పేరుపాలెం, బియ్యపుతిప్ప వాళ్లు ఆ దారిన ప్రశ్న వేయించలేరు. ఆయన ద్వారా శాఖకు ఉత్తరం రాయించుకోవచ్చు. ఒక్కోసారి అదే త్వరగా పని చేస్తుంది, కానీ సభ రికార్డులోకి ఎక్కదు.

యానాం మన గోదావరి ఒడ్డునే ఉన్నా పుదుచ్చేరి లోక్‌సభ స్థానంలోకి వస్తుంది. అయినా ఇబ్బంది లేదండి, ఎంపీ తన నియోజకవర్గం గురించే అడగాలన్న నియమం ఎక్కడా లేదు. అమలాపురం, కాకినాడ ఎంపీలు ఉన్నారు, రాజ్యసభలో ఆంధ్రప్రదేశ్ నుంచి 11 మంది ఉన్నారు. ఒకే ప్రశ్న ఇద్దరు ముగ్గురు ఇస్తే పేర్లు కలిపి ఒకటిగా వేస్తారు, దానివల్ల నష్టం లేదు. రెండు సభల్లోనూ వేయిస్తే ఇంకా నయం, రెండు జవాబులు పక్కపక్కన పెట్టి చూడొచ్చు. తేడా దొరికితే అదే తర్వాతి ప్రశ్న!

ఒక హెచ్చరిక. ప్రశ్నలు ఇప్పుడు పోర్టల్‌లో ఇస్తారు. ఆ లాగిన్ మాకివ్వండి, మేమే ఎక్కిస్తాం అని ఎంపీ ఆఫీసును అడగొద్దు. 2023 డిసెంబరులో ఒక లోక్‌సభ సభ్యురాలిని బహిష్కరించిన వ్యవహారంలో లాగిన్ వివరాలు బయటివాళ్లకు ఇవ్వడమే పెద్ద ఆరోపణ. డబ్బు ప్రసక్తి అసలే వద్దు. 2005లో ప్రశ్నలకు డబ్బు తీసుకున్నారని తేలి 11 మంది ఎంపీలు సభ్యత్వం పోగొట్టుకున్నారు. టైపు చేసిన కాగితం చేతికివ్వండి, ఎక్కించడం వాళ్ల పని. నోటీసు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండాలి కాబట్టి తెలుగు కాగితంతో పాటు ఇంగ్లీషు ప్రతి కూడా మీరే జత చేయండి. ఎంపీ పీఏకు అనువాదం చేసే తీరిక ఉండదు.

కోరింగ_మడ:

గడువు లెక్క. ప్రశ్నకు 15 పూర్తి రోజుల నోటీసు ఉండాలి. నోటీసు ఇచ్చిన రోజు, జవాబు రోజు రెండూ లెక్కలోకి రావు. జవాబు రోజు జూలై 31 అనుకుంటే 15వ తేదీలోపు చేరాలి. మంత్రిత్వ శాఖలను అయిదు జట్లుగా విడగొట్టి వారంలో ఒక్కో జట్టుకు ఒక్కో రోజు ఇస్తారు, కాబట్టి రక్షణ శాఖ వంతు ఏ రోజో సమావేశాల ముందు వచ్చే చార్టులో చూసుకోండి. ఆ చార్టులోనే నోటీసు ఆఖరి తేదీ కూడా ఉంటుంది. నోటీసులు ఎక్కువైతే లాటరీ తీస్తారు. అంటే చక్కగా రాసిన ప్రశ్న కూడా రాకపోవచ్చు, అది ఎంపీ తప్పు కాదు.

స్టార్ ప్రశ్న, అంటే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పేది, కావాలని పట్టుబట్టకండి. లోక్‌సభలో రోజుకు 20 స్టార్ ప్రశ్నలు వేస్తారు, 11 నుంచి 12 లోపు నోటితో జవాబు దాకా వచ్చేవి సాధారణంగా అయిదారు. స్టార్ లేనివి రోజుకు 230, వాటన్నిటికీ రాతపూర్వక జవాబు వస్తుంది. అంకెలు కావాలంటే స్టార్ లేనిదే మేలు. మంత్రిని నిలబెట్టి మాట తీసుకోవాలంటేనే స్టార్, ఎందుకంటే దానికి అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. వేసిన సభ్యుడికి రెండు, మిగతావాళ్లకు ఒక్కొక్కటి.

సఖినేటిపల్లి_రేవు:

చాలా ఉపయోగపడిందండి. మిగతావి విడగొట్టి, రక్షణ శాఖది ఒక్కటే ఇలా రాశాం, చూడండి:

"నేవీ నిర్లక్ష్యం వల్ల కోనసీమ మత్స్యకారులు తీవ్రంగా నష్టపోతున్న సంగతి ప్రభుత్వానికి తెలుసా? కాకినాడలో కోస్ట్‌గార్డ్‌కు ఎన్ని నౌకలున్నాయి, ఏయే వేళల్లో ఎక్కడెక్కడ గస్తీ తిరుగుతున్నాయి? మత్స్యకారుల రక్షణపై మంత్రి అభిప్రాయం ఏమిటి?"

గెజిట్_గోదారి:

మూడు వాక్యాలకీ మూడు రకాల దెబ్బ తగులుతుందండి.

"నిర్లక్ష్యం" అన్నది ఆరోపణ. 41వ నియమం ప్రశ్నలో వాదన, నింద, వ్యంగ్యం, విశేషణాలు ఉండకూడదంటుంది. సచివాలయం దాన్ని కొట్టేసి మిగతాది ఉంచుతుంది, లేదా మొత్తం వెనక్కి పంపుతుంది. పైగా "సంగతి తెలుసా" అని అడిగితే మంత్రి "లేదండి, అటువంటిదేమీ దృష్టికి రాలేదు" అనేస్తాడు, "తెలిస్తే వివరాలు" అడగడానికి తావుండదు. "అభిప్రాయం" అడగడాన్ని అదే నియమం నేరుగా కాదంటుంది.

నౌకల సంఖ్య, గస్తీ వేళలు అడగడం మీరే చేతులారా మంత్రికి తలుపు తెరిచి ఇవ్వడం. మోహరింపు, నిల్వలు, వేళలు, దారులు ఏ దేశంలోనూ చెప్పరు, చెప్పకూడదు కూడా. ఆ ఒక్క ముక్క ప్రశ్నలో ఉంటే జవాబు మొత్తం "భద్రతా కారణాల" కింద పోతుంది. రక్షణ శాఖ నుంచి రాబట్టగలిగేవి డబ్బు, కాగితం, విధానం, దరఖాస్తులు. ఎన్ని హెచ్చరికలు జారీ అయ్యాయి, ఎంత పరిహారం ఇచ్చారు, ఎన్ని పెండింగులో ఉన్నాయి, ఎవరు బాధ్యులు. వీటికి రహస్యమన్న మాట అతకదు. కోస్ట్‌గార్డ్ బడ్జెట్ ఎంత అని కూడా అడగొద్దు, పద్దుల పుస్తకాల్లో అచ్చయి ఉన్నదాన్ని అడిగితే చెల్లదు.

సముద్రంలో కాల్పుల అభ్యాసానికి ముందు నావిక హెచ్చరిక జారీ అవుతుంది. మన సముద్ర ప్రాంతానికి ఆ పని చేసేది డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీస్, అది నేవీ కింద ఉంది. హెచ్చరిక పెద్ద ఓడల రేడియోకి చేరుతుంది. ఫైబర్ తెప్పలో ఉన్నవాడికి చేరదు. మీ అసలు బాధ ఇదే కదా, ప్రశ్న దాని మీదే నిలబెట్టండి:

"రక్షణ మంత్రి తెలియజేయగలరా:
అ) గత మూడేళ్లలో కాకినాడ ఎదుట సముద్రంలో విన్యాసాలకు, కాల్పుల అభ్యాసానికి సంబంధించి జారీ చేసిన నావిక హెచ్చరికలు ఎన్ని, ఏడాది వారీగా;
ఆ) రేడియో సెట్టు లేని మత్స్యకార పడవలకు వాటిని చేరవేసే విధానం ఉందా; ఉంటే వివరాలు, అందులో రాష్ట్ర మత్స్యశాఖకు ఎన్ని గంటల ముందు తెలుపుతున్నారు; లేకుంటే కారణాలు;
ఇ) వాటిని తెలుగులో ప్రకటిస్తున్నారా; లేకుంటే కారణాలు;
ఈ) ఆ కాలంలో వలలు, పడవలు దెబ్బతిన్నాయని అందిన దరఖాస్తులు, చెల్లించిన పరిహారం, పరిష్కారం కానివి ఎన్ని?"

ప్రతి ముక్కకూ "ఉంటే", "లేకుంటే" రెండు కాళ్లూ ఉండాలి, లేకపోతే ఒక్క "లేదు"తో ముగించేస్తారు. "గత మూడేళ్లు" అన్నది కావాలనే పెట్టాను. మరీ వెనక్కి వెళ్తే గత చరిత్ర అని పక్కన పెడతారు. 2019 నవంబరులో విశాఖ, కాకినాడల్లో జరిగిన భారత్–అమెరికా టైగర్ ట్రయంఫ్ విన్యాసాలను పేరెత్తి అడగాలన్న ఆశ ఉంటే మానుకోండి, పాత ముచ్చట అయిపోతుంది.

కోరింగ_మడ:

గెజిట్ గారితో ఒక్క చోట ఏకీభవించను. చివరి ఈ) ముక్కలో "అందిన దరఖాస్తులు" అని అడుగుతున్నారు, అసలు దరఖాస్తులు పెట్టారా? పెట్టకపోతే "ఏవీ అందలేదు" అని జవాబు వస్తుంది, అది అచ్చులో నిలిచిపోయి రేపు మీకే అడ్డం తగులుతుంది. ముందు జిల్లా మత్స్యశాఖకు, కాకినాడలోని కోస్ట్‌గార్డ్ స్టేషన్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఆ తర్వాతి సమావేశానికి ఈ ముక్క చేర్చండి. ఇప్పటికి మొదటి మూడూ చాలు.

గెజిట్_గోదారి:

ఆ మాట నిజమే. దరఖాస్తులు లేకపోతే ఈ ముక్క తీసేయండి.

పాలకొల్లు_లాకులు:

లాటరీలో రాకపోతే 377వ నియమం ఉంది. 250 పదాల లోపు అంశం సభలో చదువుతారు లేదా సభ ముందుంచుతారు, మంత్రి జవాబు తర్వాత ఉత్తరంగా వస్తుంది. రాజ్యసభలో దీనికి సాటిది స్పెషల్ మెన్షన్. జీరో అవర్ కూడా ఉంది గానీ మంత్రి అక్కడికక్కడ జవాబు చెప్పి తీరాలన్నది లేదు. టీవీలో కనిపించడానికి బాగుంటుంది, అంతే. రైలు మార్గం లాంటిదానికి 377 సరిపోతుంది, ఈ హెచ్చరికల సంగతికి మాత్రం ప్రశ్నే కావాలి.

గెజిట్_గోదారి:

జవాబు వచ్చాక చేయాల్సింది మర్చిపోతారు అందరూ. అదే రోజు సంసద్ డాట్ ఇన్‌లో పెడతారు, ప్రశ్న సంఖ్య, తేదీ రాసి పెట్టుకోండి. జవాబులో "పరిశీలనలో ఉంది", "సమాచారం సేకరించి సభ ముందుంచుతాం" అని ఉంటే అది హామీ కింద లెక్క. పార్లమెంటరీ వ్యవహారాల శాఖ దాన్ని ఏరి ఆ మంత్రిత్వ శాఖకు పంపుతుంది, మూడు నెలల్లో నెరవేర్చాలి. గడువు దాటిందంటే హామీల కమిటీకి సంఖ్య, తేదీ ఉటంకిస్తూ ఎంపీ చేత ఉత్తరం రాయించండి. అంకె తప్పని మీ దగ్గర ఆధారం ఉంటే స్పీకర్ ఆదేశాల్లో 115వది వాడొచ్చు. మంత్రి చెప్పినదాంట్లో తప్పును సభ్యుడు లిఖితపూర్వకంగా చూపించే దారి అది. జవాబు అరకొరగా ఉంటే 55వ నియమం కింద అరగంట చర్చకు మూడు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, లోక్‌సభలో అది సోమ, బుధ, శుక్రవారాల్లో ఉంటుంది.

ఈలోగా సమాచార హక్కు దరఖాస్తు కూడా వేసి ఉంచండి. హైడ్రోగ్రాఫిక్ ఆఫీస్‌కు వేసేటప్పుడు హెచ్చరికల సంఖ్య, తేదీ మాత్రమే అడగండి, విన్యాసం దేనికోసమని అడగొద్దు.