పాత ఫోర్ బై ఫోర్ బండి: ఇంటికీ క్యాంపింగ్‌కీ ఏది, ఏం చూసి కొనాలి?

ప్రశ్న (కావలి నుంచి)
అన్నలకు నమస్కారం. ఇంట్లో అయిదుగురం. ఇద్దరు చిన్నపిల్లలు, అమ్మకు మోకాళ్ల నొప్పులు. సెలవులకు టెంటు సర్దుకుని పెంచలకోన, సోమశిల, ఉదయగిరి, భైరవకోన వైపు తిరగాలని ఆలోచన. బడ్జెట్ పది లక్షల లోపు, డీజిల్, ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందేది) కావాలి. సఫారీ స్టార్మ్, స్కార్పియో, హెక్సా, ఒక పాత థార్ చూపిస్తున్నారు. చెన్నై రిజిస్ట్రేషన్ బండ్లు తక్కువకు ఇప్పిస్తానని ఒక బ్రోకర్ వెంటపడుతున్నాడు. ఏది తీసుకోమంటారు? చూడబోయినప్పుడు ఏం చూడాలి?

జవాబు (ఒంగోలు నుంచి)
మీరు చెప్పిన ఊళ్లన్నింటికీ మామూలు రోడ్డే ఉందండీ. ఉదయగిరి కోట మీదికి ఎక్కేదెట్లాగూ కాళ్లతోనే. రోడ్డు దిగి ఇసుకలోకి, వాగుల్లోకి, వాన పడిన పొలం బాటల్లోకి పోయే పని నిజంగా ఉంటేనే ఫోర్ బై ఫోర్‌కి పెట్టే డబ్బు గిట్టుబాటు. లేదంటే అదే మోడల్ టూ వీల్ డ్రైవ్‌లో, తక్కువ తిరిగినది తీసుకుని కొత్త టైర్లు వేయించుకోండి. ఇంకో మాట, తడిసిన నల్లరేగడిలో ఫోర్ బై ఫోర్ కూడా దిగబడుతుంది. టైరు గాళ్లు మట్టితో పూడుకుపోయాక నాలుగు చక్రాలూ కలిసి జారతాయి, అంతే.

అయినా కావాలంటే, పాత థార్‌ని లిస్టులోంచి తీసేయండి. వెనక సీట్లు అడ్డంగా ఎదురెదురుగా ఉంటాయి, పిల్లల్ని కూర్చోబెట్టే చోటు కాదది. స్టార్మ్‌లో కూడా మూడో వరస అడ్డం సీట్లే. మీరు అయిదుగురే కాబట్టి అవి మడిచేసి సామాను పెట్టుకోవచ్చు. రెండో వరసలో ముగ్గురు సుఖంగా కూర్చుంటారు, గతుకుల్లో కుదుపు తక్కువ. స్కార్పియో వేరియంట్‌ని బట్టి వెనక సీట్లు మారతాయి, డిక్కీ తెరిచి చూసి మాట్లాడండి. హెక్సాలో అన్ని సీట్లూ ముందుకే. కానీ దానికి లో గేర్ లేదు. ముందు చక్రాలకెంత, వెనక చక్రాలకెంత బలం పంపాలో అదే చూసుకునే రకం. వాన రోడ్డుకి, వదులు మట్టికి బాగుంటుంది. లోడుతో నిట్టనిలువు రాళ్లదారి దిగాలంటే మాత్రం స్టార్మ్, స్కార్పియోల్లో ఉండే ఫోర్ లో (నాలుగు చక్రాలూ తక్కువ వేగంతో, ఎక్కువ బలంతో తిరిగే లో గేర్) కావాలి.

అమ్మగారి కోసం పక్కన ఫుట్‌స్టెప్ ఉందా, డోరు స్తంభానికి పట్టుకునే హ్యాండిల్ ఉందా చూడండి. వీలైతే ఆమెను తీసుకెళ్లి ఎక్కించి దించండి.

జవాబు (నెల్లూరు, మెకానిక్)
అన్నా, మోడల్ కంటే ఆ బండి ఇన్నాళ్లూ ఏ పని చేసిందో కనుక్కో. మన జిల్లాలో ఇట్టాంటి బండ్లు ఎక్కువగా రెయ్యల గుంటల కాడ తిరుగుతాయి. విడవలూరు, ఇందుకూరుపేట, అల్లూరు. గట్ల మీది ఉప్పుమట్టి ఛాసిస్ (బండి కింది ఇనప చట్రం) పెట్టె లోపలికి చేరి కూచుంటుంది. పైన పెయింటు నిగనిగలాడతా ఉంటది, లోపల తుప్పు తింటా ఉంటది. చీమకుర్తి క్వారీల్లో తిరిగిందయితే తుప్పు తక్కువే గానీ సస్పెన్షన్ బుష్షులు, బాల్ జాయింట్లు, ఎయిర్ ఫిల్టర్ దాటి దుమ్ము తిన్న టర్బో చూసుకోవాలి.

ఛాసిస్ చూసేది ఇట్టా. బండిని ర్యాంపు ఎక్కించు. చిన్న సుత్తితో ఛాసిస్ రైలు (పొడుగాటి ఇనప దూలం) పొడుగునా మెల్లగా తట్టు. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తిన్నచోట మొద్దుగా పలుకుతుంది, పెచ్చులు రాలతాయి. వెనక యాక్సిల్ పైన రైలు వంగే చోటు, బాడీ మౌంట్లు, స్ప్రింగు కూర్చునే గిన్నెలు, స్పేర్ వీలు వేలాడే క్రాస్ మెంబర్ (అడ్డ కమ్మీ), ఇవి ముందు పోయేవి. కింద కొత్తగా నల్ల కోటింగ్ కొట్టుంటే అనుమానించు, స్క్రూడ్రైవర్‌తో నాలుగు చోట్ల గీకి చూడు. ఛాసిస్ నంబరు పంచింగ్ చుట్టూ గ్రైండింగ్ గీతలుంటే ఇంటికొచ్చెయ్యి.

ఇప్పుడు ఫోర్ బై ఫోర్. ఏళ్ల తరబడి వాడకుండా వదిలేస్తే షిఫ్ట్ మోటారు (స్విచ్ వేస్తే ఫోర్ బై ఫోర్‌ని కలిపేది) బిగుసుకుపోతుంది, వైరింగ్ కప్లర్లు పచ్చబడతాయి. అమ్మేవాడికి కూడా అది చచ్చిపోయిన సంగతి తెలీకపోవచ్చు.

కీ తిప్పంగానే మీటర్లో ఫోర్ బై ఫోర్ లైట్లు ఒకసారి వెలిగి ఆరాలి. వెలగకపోతే దాన్ని పనిగట్టుకుని తీసేశారేమో చూడు. తారు మీద కాకుండా మట్టి గ్రౌండుకు తీసుకుపో. నేరుగా, నెమ్మదిగా పోతా ఫోర్ హైలో (నాలుగు చక్రాలకూ బలం, మామూలు వేగం) వెయ్యి. కింద టక్కుమని వినపడి లైటు నిలకడగా ఉండాలి, మిణుకుమిణుకుమంటుంటే ఎంగేజ్ కానట్టే. అట్నే స్టీరింగ్ పూర్తిగా తిప్పి, నడక వేగంతో ఒక రౌండు కొట్టు. బండి బిగపట్టినట్టు, టైర్లు ఈడ్చినట్టు ఉండాలి. భయపడబాక, సెంటర్ డిఫరెన్షియల్ (ముందు, వెనక చక్రాల వేగం తేడాని సర్దే గేర్లు) లేని బండికి అది ఆరోగ్యం. టూ హెచ్‌లో (మామూలు టూ వీల్ డ్రైవ్‌లో) తిరిగినంత తేలిగ్గా తిరిగిందంటే లైటు వెలిగినా ముందు చక్రాలకు బలం రావట్లేదని అర్థం. ఫోర్ బై ఫోర్‌ని కలిపే యాక్చువేటరో, లేకపోతే ముందు చక్రాల హబ్బులో పోయుంటాయి. హెక్సాకి ఈ పరీక్ష పనికిరాదు. పాత మూడు లీటర్ల ఫార్చ్యూనర్ ఎప్పుడూ ఫోర్ వీల్‌లోనే ఉండే రకం, దానికి సెంటర్ లాక్ వేసి చూడాలి.

తర్వాత పూర్తిగా ఆపి, న్యూట్రల్‌లో ఫోర్ లో వెయ్యి. ఫస్ట్ గేరులో యాక్సిలరేటర్ తొక్కకుండా గట్టు ఎక్కించు, దించు. లోడు పడినప్పుడు కింద టకటకమని పళ్లు దాటేసినట్టు కొడితే ట్రాన్స్‌ఫర్ కేసు (గేరుబాక్సు బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే పెట్టె) చైను సాగింది. మళ్లీ టూ హెచ్‌కి వచ్చాక లైటు ఆరకపోతే నేరుగా రెండు మూడు మీటర్లు రివర్స్ పో, చాలాసార్లు వదిలేస్తుంది. అప్పటికీ వదలకపోతే రిపేరే.

చివర్న ముందు, వెనక డిఫరెన్షియల్ ఫిల్లర్ బోల్టులు తీయించి వేలు పెట్టి చూడు. ఆయిలు పాల టీ రంగులో ఉంటే నీళ్లు కలిసినాయి. వేడెక్కిన డిఫరెన్షియల్ వాగు నీళ్లలో దిగితే లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుంటుంది, గాలి ఆడే బ్రీదర్ పైపు మూసుకుపోయుంటే సీలు పక్క నుంచి నీళ్లు పీల్చేసుకుంటుంది. అయస్కాంతం బోల్టు ఉంటే దానికి నల్లని ముద్ద అంటుకోవడం మామూలే. ఇనప ముక్కలు కనపడితే బేరం ఆపు.

ప్రశ్న (కావలి నుంచి)
చాలా థ్యాంక్స్ అన్నా. చెన్నై బండ్ల సంగతి? వాన పడినప్పుడు హైవే మీద ఫోర్ హైలో పోతే పట్టు బాగుంటుందని బ్రోకర్ అంటున్నాడు, నిజమేనా?

జవాబు (నెల్లూరు, మెకానిక్)
ఆ రెండో మాట వినబాక. తారు మీద మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి, వెనకవి తక్కువ. స్టార్మ్, స్కార్పియోల్లో ఫోర్ హై వేస్తే ముందూ వెనకా ఒకటిగా బిగుసుకుంటాయి, ఆ తేడా తీరే దారి ఉండదు. మట్టిలో టైరు కొంచెం జారి సర్దుకుంటుంది, తారు మీద ఆ ఒత్తిడంతా ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది.

జవాబు (గూడూరు నుంచి)
చెన్నై బండి అయితే 2015 డిసెంబరు వరద, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపాను గుర్తుపెట్టుకోండి. ఆ మిచౌంగ్‌లో మన నెల్లూరు బండ్లు కూడా మునిగాయి. వాసన, షాంపూ వాష్ చూసి మోసపోవద్దు. సీటు బెల్టును చివరిదాకా లాగండి, అడుగున బురద గీత ఉంటే మునిగినట్టే. సీట్ల కింద బోల్టుల తుప్పు, కార్పెట్ లేపితే కింద స్పాంజి తడి, డ్యాష్‌బోర్డు కింద ఫ్యూజ్ బాక్స్ వెనక ఒండ్రు, కప్లర్లలో ఆకుపచ్చ చిలుము చూడండి.

కాగితాల దగ్గరకొస్తే, పరివాహన్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో నంబరు కొట్టి ఎన్నో ఓనరు, లోను ఉందా, చలాన్లు ఎన్ని అన్నీ చూడండి. షోరూంలో ఛాసిస్ నంబరు చెప్పి అది కంపెనీ నుంచి ఫోర్ బై ఫోర్‌గానే వచ్చిందా, ఆఖరి సర్వీసుకు ఎన్ని కిలోమీటర్లు రాశారు అని అడగండి. మన రాష్ట్రం బండికి పేరు మార్పిడికి ఫారం 29, 30 చాలు. లోను తీరిన బండికి ఫారం 35తో పాటు బ్యాంకు ఎన్‌ఓసీ. వేరే రాష్ట్రమైతే ఫారం 28 ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్, మళ్లీ లైఫ్ ట్యాక్స్. ఆర్టీఓ ఆఫీసులో ఆ ట్యాక్స్ లెక్క కట్టించుకుని ధరకు కలిపి చూస్తే బ్రోకర్ చెప్పే ‘తక్కువ’ చాలాసార్లు మిగలదు. ఢిల్లీ బండ్లదీ ఇదే కథ. డీజిల్‌కి అక్కడ పదేళ్ల నిబంధన పెట్టారు కాబట్టి చవగ్గా వస్తాయి, ఎన్‌ఓసీ చేతికి రాకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.

ఇన్సూరెన్స్ 14 రోజుల్లోపు మీ పేరుకు మార్చుకోండి. నో క్లెయిమ్ బోనస్ పాత ఓనరుదే, మీకు రాదు. ఫాస్టాగ్ ఆయనతోనే మూయించండి. ముందు బుల్‌బార్ ఉంటే తీసేయించండి, 2017 నుంచే కేంద్రం వద్దని చెప్పింది.

జవాబు (మార్కాపురం నుంచి)
టైర్ల గురించి ఎవరూ చెప్పలేదు. నాలుగూ ఒకే సైజు, ఒకే బ్రాండు, అరుగుదల కూడా దాదాపు ఒకేలా ఉండాలి. హెక్సాకి ఇది మరీ ముఖ్యం, చుట్టుకొలత తేడా ఉంటే ముందూ వెనకా చక్రాలకు బలం పంచే కప్లింగ్ ఊరికే వేడెక్కుతుంది. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. అంత పాతది గాళ్లు ఎంత లోతున్నా మార్చాల్సిందే, ఆ ఖర్చు బేరంలో తగ్గించమనండి. స్టెపినీ కూడా చూడండి.

క్యాంపింగ్‌కి ముందు కొనాల్సింది రూఫ్ టెంటు కాదు. టైరు ప్రెషర్ గేజి, బ్యాటరీకి క్లిప్పులతో తగిలించే కంప్రెసర్, పార, సాగే రికవరీ తాడు, దాన్ని బండికి తగిలించే రెండు బో షాకిల్స్ (ఇనప కొక్కేలు). ఇసుకలోకి దిగేముందే టైర్లు 18 పీఎస్‌ఐకి దించండి. దిగబడ్డాక యాక్సిలరేటర్ తొక్కితే గొయ్యి లోతవుతుందంతే. చక్రాల ముందు ఇసుక తోడి, గాలి 15కి తగ్గించి, వచ్చిన జాడలోనే వెనక్కి రండి. తారెక్కేముందు మళ్లీ మామూలు ప్రెషర్ నింపాలి, తక్కువ గాలితో వేగంగా పోతే సైడ్‌వాల్ వేడెక్కి చీలుతుంది. తాడు ఛాసిస్‌కి బిగించిన హుక్కుకే కట్టండి. టో బాల్‌కి (ట్రైలరు తగిలించే ఇనప గుండుకి) కట్టి లాగితే అది విరిగి బుల్లెట్‌లా వస్తుంది.

మైపాడు, కొత్తపట్నం లాంటి తీరంలో ఒడ్డు ఇసుక మీద బండి తిప్పకండి, చలికాలం చివర్న ఆలివ్ రిడ్లే తాబేళ్లు అక్కడే గుడ్లు పెడతాయి. పైగా ఉప్పునీళ్లు. నల్లమలలో అటవీ శాఖ అనుమతి లేకుండా టెంటు వేయకూడదు. దోర్నాల నుంచి శ్రీశైలం రోడ్డు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు, ఉదయం ఆరింటికి తెరుస్తారు, దాన్ని బట్టి బయల్దేరండి.

ప్రశ్న (కావలి నుంచి)
స్టార్మ్ ఒకటి ఖాయం చేద్దామనుకుంటున్నా. ఎప్పుడు పోయి చూస్తే మంచిది?

జవాబు (నెల్లూరు, మెకానిక్)
పొద్దున్నే పో. స్టార్ట్ చేసి పెట్టొద్దని ముందురోజే చెప్పు. బానెట్ మీద చెయ్యి పెట్టు, వెచ్చగా ఉంటే ఇంకోరోజు వస్తానని వచ్చెయ్యి. చల్లటి ఇంజను మీద నీలం పొగ వస్తే ఆయిలు కాలుతున్నట్టు. వేడెక్కాక ఐడిల్‌లో ఆయిల్ మూత తీసి తలకిందులుగా పెట్టు. కొంచెం అదరడం మామూలే, ఎగిరిపడితే పిస్టన్ రింగులు పోయినాయి. ఫోర్ బై ఫోర్ మోటారు, కంట్రోల్ యూనిట్ ధర షోరూంలో ముందే రాయించుకుని పో. ఈ మోడల్ ఆగిపోయి ఏళ్లయింది, ఆ సామాన్లకు ఆర్డరు పెట్టి ఎదురుచూడాల్సి రావచ్చు. మోటారు పని చెయ్యకపోతే ఆ చీటీ ముందు పెట్టి బేరమాడు.