డబ్ల్యూడబ్ల్యూఈ చేతికి ఏఏఏ: లూచా లిబ్రేకు ఇది మేలా, కీడా?

రాయలసీమ_లూచా | 2025 సెప్టెంబర్ 15

ఏప్రిల్ 19న, లాస్ వేగాస్‌లో తన అతిపెద్ద షో రెసిల్‌మేనియా 41 మొదలయ్యే రోజున, మెక్సికోలో లూచా లిబ్రే (మాస్కులతో, ఎగిరి దూకే విన్యాసాలతో సాగే అక్కడి రెజ్లింగ్) నడిపే కంపెనీ ఏఏఏను కొంటున్నట్టు అమెరికా రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ ప్రకటించింది. ఫిలిప్ అనే మెక్సికన్ హోల్డింగ్ కంపెనీ ఇందులో భాగస్వామి. ఐదు నెలలు తిరక్కుండానే, మొన్న 12వ తేదీన ఏఏఏ మెగా ఛాంపియన్‌షిప్ ఎల్ ఇహో డెల్ వికింగో చేతిలోంచి డొమినిక్ మిస్టీరియోకి పోయింది. అదీ మెక్సికోలో కాదు, మళ్లీ లాస్ వేగాస్‌లోనే. డొమినిక్ దగ్గర అప్పటికే డబ్ల్యూడబ్ల్యూఈ ఇంటర్‌కాంటినెంటల్ బెల్ట్ ఉంది. అంటే మెక్సికోలో అంత పేరున్న కంపెనీ టాప్ బెల్ట్, డబ్ల్యూడబ్ల్యూఈ రోస్టర్‌లో ఒకడికి రెండో బెల్ట్ అయింది. నాకైతే ఒళ్లు మండిపోయింది.

ఏఏఏ గురించి తెలియని వాళ్లకు రెండు ముక్కలు. ఇప్పుడు సీఎంఎల్ఎల్ అంటున్న కంపెనీ 1933 నుంచి ఉంది. అక్కడ బుకర్‌గా, అంటే ఎవరు ఎవరితో ఆడాలో, ఎవరు గెలవాలో ముందే తేల్చే మనిషిగా, పనిచేసిన ఆంటోనియో పేన్యా బయటికొచ్చి 1992లో ఏఏఏ పెట్టాడు. కుర్రాళ్లకు, వేగానికి, రంగురంగుల పాత్రలకు పెద్దపీట వేశాడు. రే మిస్టీరియో టీనేజ్‌లో ఎగిరింది ఆ రింగుల్లోనే. పేన్యా 2006లో పోయాక కంపెనీని ఆయన కుటుంబమే నడుపుకుంటూ వచ్చింది. అలాంటి కంపెనీలో ఎవరు గెలవాలో ఇకమీదట అమెరికాలో తేలుతుంది. దీన్ని మేలు అనేవాళ్లు ఎలా మేలో చెప్పండి.

కార్డులబాబు

నేను చెప్తాను. మీరు బెల్ట్ చూస్తున్నారు, నేను ఆ బెల్ట్ కోసం దూకేవాడి మోకాళ్లు చూస్తున్నాను. లూచాలో పై తాడు మీంచి రింగ్ బయటికి డైవ్ కొట్టడం రోజువారీ పని. వికింగో మోకాలి గాయంతో ఎన్ని నెలలు బయట కూర్చున్నాడో అందరికీ తెలుసు. పెద్ద కంపెనీ వెనక ఉంటే ఆపరేషన్‌కి, ఫిజియోథెరపీకి డబ్బుంటుంది, ఆ కుర్రాడికి ఇంకో పదేళ్లు కెరీర్ ఉంటుంది.

ఇంకో మాట. డొమినిక్ బయటివాడు ఎలా అవుతాడు? వాళ్ల నాన్న రే మిస్టీరియో అక్కడే ఎదిగాడని మీరే రాశారు. డొమినిక్ రింగ్‌లోకొస్తే మెక్సికన్ జనం ఎలా ఊగిపోతున్నారో చూడండి. జనం కావాలనుకున్నవాడికి బెల్ట్ ఇవ్వడం తప్పెలా అవుతుంది?

ఉప్పల్_రింగ్‌సైడ్

బాబన్నా, పైసల సంగతి సరే. కానీ గిట్ల పోయినోళ్ల గతి ఏమైందో ఒకపారి చూడు.

1984ల డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (డబ్ల్యూడబ్ల్యూఈ పాత పేరు) ఓనర్ విన్స్ మెక్‌మాన్ కెనడాకు పోయి, కాల్గరీల స్టూ హార్ట్ నడిపే స్టాంపీడ్ రెజ్లింగ్‌ని కొన్నడు. బ్రెట్ హార్ట్, నైడ్‌హార్ట్, డైనమైట్ కిడ్, డేవీ బాయ్ స్మిత్ గా దారిలనే డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌కి వచ్చిన్రు. వాళ్ల మ్యాచులు నాకు పానం. కానీ కాల్గరీకి ఏం మిగిలింది? మరుసటి ఏడు స్టూ మళ్ల తెరిచిండు, 1989 ఆఖరుకు మూతబడ్డది. మంచిగాడేటోళ్లు పైకి పోయిన్రు, ఊరి రింగ్ ఖాళీ అయింది.

ఇంగ్లండ్ సంగతి ఇంకా దగ్గరిది. 2017 జనవరిల డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్లు బ్లాక్‌పూల్‌ల టోర్నమెంట్ పెట్టిన్రు, 19 ఏండ్ల టైలర్ బేట్ గెలిచిండు. మరుసటేడు ఎన్ఎక్స్‌టీ యూకే అని ఆడ వాళ్ల బ్రాంచి షో పెట్టిన్రు. 2018 సెప్టెంబర్‌ల ప్రోగ్రెస్ అనే లోకల్ కంపెనీ వెంబ్లీల నాలుగు వేలకు పైగ జనాన్ని తెచ్చింది. గంత ఊపుండె. తర్వాత కాంట్రాక్టులు బిగించిన్రు, మంచి మంచోళ్లు లోకల్ షోలల్ల కనవడుడు తగ్గింది. 2022 సెప్టెంబర్‌ల ఎన్ఎక్స్‌టీ యూకే దుకాణమే బంద్. 2023ల ఎన్ఎక్స్‌టీ యూరప్ వస్తదన్నరు, అదీ రాలే. ప్రేమ ఉన్నప్పుడు వచ్చి, లెక్క కుదరనప్పుడు పోయేటోళ్లు వీళ్లు.

టాప్‌రోప్_లక్ష్మి

ఉప్పల్ తమ్ముడూ, ఇంగ్లండ్ విషయంలో సగమే చెప్పావు. 2020లో కోవిడ్ వచ్చి హాళ్లన్నీ మూతపడ్డాయి. అదే ఏడాది ‘స్పీకింగ్ అవుట్’ అంటూ అక్కడి ఆడవాళ్లు తమకు జరిగిన వేధింపులు బయటపెట్టారు, ఆ సర్క్యూట్ లోపలి కుళ్లు అంతా బయటికొచ్చింది. దాన్ని కూడా డబ్ల్యూడబ్ల్యూఈ ఖాతాలో రాయకండి. లోకల్ కంపెనీ అన్నంత మాత్రాన మంచిదైపోదు.

నేను లాస్ ఏంజెలెస్‌లో ఉంటాను. జూన్ 7న ఇంగిల్‌వుడ్‌లోని కియా ఫోరమ్‌లో రెండు కంపెనీలూ కలిసి చేసిన వరల్డ్స్ కొలైడ్‌కి వెళ్లాను. నా ముందు వరసలో ఒక తాతగారు, పక్కన మనవడు. ఇద్దరికీ మాస్కులు. తాతగారి మాస్క్ వెండి రంగుది, పాతతరం లూచా హీరో ఎల్ శాంటోది, కుట్లు ఊడి మళ్లీ చేత్తో కుట్టినట్టు తెలుస్తోంది. మనవడిది కొత్తగా కొన్న, ఈ తరం లూచా స్టార్ పెంటా మాస్క్. ఆఖరి మ్యాచ్‌లో వికింగో, చాడ్ గేబుల్. వికింగో గెలిచినప్పుడు ఆ తాతగారు లేచి రెండు చేతులూ పైకెత్తి అరిచారు. ఆ షో యూట్యూబ్‌లో ఉచితంగా వచ్చింది, మీలో చాలామంది చూసే ఉంటారు. ఏఏఏ ఒంటరిగా ఆ స్థాయిలో చేయగలిగేదా? నాకైతే నమ్మకం లేదు.

రాయలసీమ_లూచా

లక్ష్మిగారూ, మీరు చూసింది నిజమే. ఆ రాత్రి నేనూ కళ్లు తిప్పకుండా చూశాను. అందుకే సెప్టెంబర్ ఇంత బాధపెట్టింది. జూన్‌లో మెక్సికన్‌కి గెలుపిచ్చి నమ్మకం సంపాదించారు, మూడు నెలలకే అతని బెల్ట్ తీసుకున్నారు.

మాస్క్ మాటెత్తారు కాబట్టి అసలు నొప్పి ఎక్కడుందో చెప్తాను. లూచాలో మాస్క్ అంటే మనిషి. పందెంలో ఓడి మాస్క్ తీసినవాడు తన అసలు పేరు, ఊరు అందరి ముందూ చెప్పుకోవాలి, అక్కడితో ఆ పాత్ర బతుకు సగం అయిపోయినట్టే. ఎల్ శాంటోని 1984లో మాస్క్‌తోనే సమాధి చేశారు. ఇప్పుడు 2011కి రండి. సీఎంఎల్ఎల్‌లో జనాన్ని ఊపేసిన మిస్టికోని డబ్ల్యూడబ్ల్యూఈ తెచ్చుకుని సిన్ కారా అని పేరు పెట్టింది. అతను లేనప్పుడు అదే పేరు, అదే మాస్క్ ఇంకొకరికి తొడిగి రింగ్‌లోకి పంపారు. అతను పూర్తిగా వెళ్లిపోయాక ఆ పాత్రను ఆ రెండోవాడే ఏళ్ల తరబడి చేశాడు. కంపెనీ లెక్కలో మాస్క్ ఒక ట్రేడ్‌మార్క్, లోపల ఎవరున్నా ఒకటే. ఏఏఏ పాత్రలన్నీ ఇప్పుడు ఆ లెక్క కిందికే వచ్చాయి.

కార్డులబాబు

పాత్రల హక్కులు పట్టుకుని కూర్చోవడం డబ్ల్యూడబ్ల్యూఈతో మొదలవ్వలేదు. ఏఏఏ కూడా అదే చేసింది. కంపెనీ వదిలిన లూచాడోర్లు (లూచా రెజ్లర్లు) పేరు మార్చుకోవాల్సి రావడం మెక్సికోలో పాత కథే. పెంటా, ఫీనిక్స్ అన్నదమ్ములు కూడా ఆ బాధ పడ్డవాళ్లే. పేన్యా కుటుంబం చేతిలో ఉంటే హక్కు, అమెరికా వాళ్ల చేతిలో ఉంటే దోపిడీ అంటే నేను ఒప్పుకోను.

ఉప్పల్_రింగ్‌సైడ్

ఈ మాట మాత్రం కరెక్టే అన్నా, ఒప్పుకుంట.

కానీ మన దిక్కు సూడున్రి. 2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంల డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్లు సూపర్‌స్టార్ స్పెక్టాకిల్ షో పెట్టిన్రు. నేను ఆడనే ఉన్న. సీనా, రోలిన్స్ కలిసి ఆడుతుంటే పక్కోని మాట వినవడలే, గొంతులు పోయినయి అందరియి. మన మూలాలున్న రెజ్లర్లు వీర్, సంగా, జిందర్ మహల్ కూడ ఉండిరి ఆ షోల. ఏడు నెలలకు, 2024 ఏప్రిల్‌ల, ముగ్గుర్నీ తీసేసిన్రు. వాళ్లకు తిరిగొచ్చి ఆడెతందుకు మన దేశంల పేరున్న కంపెనీ ఒక్కటి లేదు. జలంధర్‌ల ఖలీ అకాడమీ ఉంది, కవితాదేవి అసొంటోళ్లు ఆడ నేర్చుకునే పోయిన్రు, అంతే. మెక్సికోల లూచాడోర్‌ని తీసేస్తే సోమవారం ఇంకో రింగ్‌ల ఎక్కుతడు. గా రెండో రింగ్ బతికుండాలె అన్నదే నా బాధ.

టాప్‌రోప్_లక్ష్మి

ఆ రెండో రింగ్ ఉంది. సీఎంఎల్ఎల్ ఇంకా అమ్ముడుపోలేదు. 1956లో కట్టిన ఎరీనా మెహికో వాళ్లదే. వాళ్లు డబ్ల్యూడబ్ల్యూఈకి పోటీగా ఉన్న అమెరికా కంపెనీ ఏఈడబ్ల్యూతో చెయ్యి కలిపారు. జూన్ 18న ఏఈడబ్ల్యూ షో గ్రాండ్ స్లామ్ అక్కడే జరిగింది. మీరు చెప్పిన మిస్టికో ఇప్పుడు తన పాత పేరుతో అక్కడే టాప్ స్టార్. నా మటుకు నాకు, ఏఏఏ అమ్మకం వల్ల ఇంతవరకు ఎక్కువ లాభపడింది లూచాడోర్లే. ఇద్దరు పోటీపడి పిలుస్తున్నారు కాబట్టి జీతం అడిగే ధైర్యం వచ్చింది. రేపు సీఎంఎల్ఎల్‌ని కూడా కొంటామని వస్తే మాత్రం, ఆ రోజు నేను రాయలసీమ గారి పక్కనే నిలబడతాను.

రాయలసీమ_లూచా

పోటీ వల్ల జీతాలు పెరుగుతాయంటే సరే. కానీ ఏఏఏ అంటే టీవీలో కనిపించే పదిమందే కాదండీ. ప్యూబ్లా, టిహువానా లాంటి ఊళ్లలో మొదటి, రెండో మ్యాచుల్లో దిగే కుర్రాళ్లున్నారు. ఆ మ్యాచుల్లో ఎన్ని డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్లకి పోయాయి, ఎన్ని స్థానిక కుర్రాళ్లకి మిగిలాయి అన్నది ఎవరూ లెక్క కట్టడం లేదు. వచ్చే షో నుంచి మ్యాచ్ కార్డులు, అంటే ఎవరెవరు ఆడుతున్నారన్న జాబితాలు, ఇక్కడే పెడతాను. బాబు గారూ, మీరూ తోడు రండి, ఒకటొకటి కలిసి చూద్దాం.

కార్డులబాబు

పెట్టండి, నేను రెడీ. కానీ మొదటి మ్యాచ్‌లో ఓడినవాడికి ఇచ్చే పారితోషికం కూడా ఆ లెక్కలో ఉండాలి.