స్నాపింగ్‌ని ఏమందాం: అంటా, అతుకా?

విజయవాడలో పిల్లలకి క్యూజీఐఎస్ (కంప్యూటర్‌లో పటాలు గీసే సాఫ్ట్‌వేర్) నేర్పుతుంటాను. ఈ వారం పాఠం స్నాపింగ్. పటం మీద కొత్త గీత గీస్తూ పాత గీత మూల దగ్గరికి మౌస్ తెస్తే, మన చుక్క తనంతట తనే వెళ్లి ఆ మూల మీద కూర్చుంటుంది. బ్యారేజీ దగ్గర కాలువలు గీయిస్తుంటే ఒకమ్మాయి, "సార్, నా రైవస్ కాలువ పోయి ఏలూరు కాలువకి అంటుకుపోయింది" అంది. నా నోట్సులో 'అతుకు' అని ఉంది. ఆ పిల్ల మాటే నయమనిపిస్తోంది. మీరేమంటారు?

– అతుకే ఉంచండి మాస్టారూ. అంటు అనగానే సింకులో అంట్లు, అంటువ్యాధులు గుర్తొస్తాయి. మామిడి అంటు ఒక్కటే మంచి మాట, అదీ అతికించేదే కదా.

– నా పేచీ అక్కడేనండీ. అతికితే రెండూ ఒకటైపోవాలి. స్నాపింగ్‌లో రెండు పొలాల మూలలు ఒకే చోట పడతాయి, అంతే. తర్వాత ఒక మూల జరిపితే రెండోది కదలదు, మధ్యలో సందు పడుతుంది. రెండూ కలిసి జరగాలంటే టోపోలాజికల్ ఎడిటింగ్ అని వేరే బటన్ ఉంది. అతుకు దానికిద్దాం. అంటుకి తాకడమనే అర్థం ఉండనే ఉంది: నినాదాలు మిన్నంటాయంటాం, అవి ఆకాశానికి అతుక్కోలేదుగా! పైగా స్నాపింగ్ బటన్ మీద బొమ్మ అయస్కాంతం. దానికి మన పాత పేరు సూదంటురాయి.

– సూదంటురాయి దెబ్బకి నేను అవుట్. మరి టాలరెన్స్‌ని? ఎక్కడో 'సహనం' అని చూశాను. మౌస్‌కి 12 పిక్సెళ్ల సహనమట!

– 'అంటుదూరం' అంటే సరిపోదూ? ఎంత దగ్గరికొస్తే అంటుకోవాలో చెప్పే కొలత అది. ఆ అమ్మాయి కాలువ తప్పిందీ ఇందువల్లే. పిక్సెల్ తెర మీది కొలత. పటాన్ని దూరం చేసి, ఒక పిక్సెల్ 5 మీటర్లకు సమానమైందనుకోండి, 12 పిక్సెళ్లంటే నేల మీద 60 మీటర్లు. అంతలో పక్క కాలువ దొరికిపోతుంది. దగ్గరికి జూమ్ చేసి గీయమన్నాను. పిక్సెళ్లకి బదులు మ్యాప్ యూనిట్లు, అంటే పటం వాడే నేల కొలతలు, పెడితే జూమ్‌తో పని లేదు, నేల మీది దూరం మారదు. కానీ ప్రాజెక్టు అక్షాంశ రేఖాంశాల డిగ్రీల్లో ఉంటే యూనిట్ డిగ్రీ అవుతుంది. ఒక డిగ్రీ ఉత్తర దక్షిణాలుగా సుమారు 111 కిలోమీటర్లు. రెండు మీటర్లే అనుకుని 2 కొట్టామా, విజయవాడలో పెట్టబోయిన చుక్క రాజమండ్రి దాకా చెయ్యి చాస్తుంది.

– గుంటూరు నుంచి నా ఓటు అంటుకే. వెర్టెక్స్‌ని మూల అనేశారు, బాగుంది. రెండు మూలల మధ్య గీత ముక్క, అదే సెగ్మెంట్‌ని, గట్టు అనొచ్చా? లెక్కల పుస్తకంలో 'రేఖాఖండం' ఉంది గానీ నోరు తిరగదు.

– పొలాల పటంలో అయితే గట్టు అమోఘం. కాలువ పటంలోనే చిక్కు. నేను గీయించేది కాలువ మధ్య గీత, "గట్టుకి అంటించు" అంటే పిల్లలు నిజంగానే ఒడ్డుకి తీసుకెళ్తారు.