బ్యాటరీ మార్చినా ఆరని ఎర్ర దీపం

గుంటూరు మాస్టారు:
మాది పదకొండేళ్ల డీజిల్ కారు, 1,20,000 కిలోమీటర్లు తిరిగింది. నెల రోజులుగా డాష్‌బోర్డులో ఎర్రటి బ్యాటరీ గుర్తు నాతో దోబూచులాడుతోంది. మొదటిసారి ఒక వాన రాత్రి కనిపించింది. మంగళగిరి, తాడేపల్లి దాటి కనకదుర్గ వారధి ఎక్కేసరికి బండ్లన్నీ నిలిచిపోయాయి. ఏసీ, హెడ్‌లైట్లు, వైపర్లు అన్నీ నడుస్తున్నాయి. దీపం వెలిగింది. యాక్సిలరేటర్ కాస్త నొక్కితే ఆరింది, వదిలితే మళ్లీ వెలిగింది. మర్నాడు బ్యాటరీ దుకాణానికి వెళితే, మూడేళ్లయింది కదా, మార్చేయండి అన్నారు. పాతది ఇచ్చి 4,600 రూపాయలు పెట్టి కొత్తది తెచ్చుకున్నాను. నాలుగు రోజులు మర్యాదగా ఉంది. అయిదో రోజు మళ్లీ మొదలు. బడికి వెళ్లేది ఈ కారులోనే, రోజూ గుండె గుప్పిట్లో పెట్టుకుని నడుపుతున్నాను. ఇప్పుడేమి చూడాలి?

వానాకాలం డ్రైవర్:
బ్యాటరీకి ఛార్జింగ్ ఇచ్చే డైనమోను తిప్పే బెల్టు వదులై ఉంటుంది మాస్టారూ. పొద్దున్నే స్టార్టు చేయగానే కీచుమంటుందా? ఇంకో చిట్కా: ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ మైనస్ టెర్మినల్ తీసేయండి. బండి ఆగిపోతే డైనమో పోయినట్లే.

షెడ్డు తాతయ్య:
ఆ చిట్కా దయచేసి ఎవరూ చేయకండి. ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ తీస్తే వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసిపడి డయోడ్లు పోతాయి, ఇంజిను కంప్యూటరు (ఈసీయూ) కూడా పోవచ్చు. ఆ తంతు కంప్యూటర్లు లేని పాత బండ్లతో పోయింది.

మాస్టారూ, ఆ బొమ్మే మిమ్మల్ని మోసం చేసింది. బ్యాటరీ బొమ్మ ఉంది కాబట్టి బ్యాటరీ పాడైందనుకుంటారు. అది చెప్పేది ఛార్జింగ్ రావడం లేదని. మీ కాలపు కార్లలో డైనమో లోపల వోల్టేజీని అదుపు చేసే ఐసీ రెగ్యులేటరే ఆ దీపాన్ని వెలిగిస్తుంది, ఆర్పుతుంది. (అసలు పేరు ఆల్టర్నేటర్. డైనమోలు అంబాసిడర్ల నాటివి. అయినా మా షెడ్డులో ఇప్పటికీ డైనమో అనే అంటాం.)

ఒక మల్టీమీటరు కొనండి, 400 రూపాయలది చాలు. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి బ్యాటరీ రెండు టెర్మినళ్ల మీద చూడండి. రాత్రంతా ఆగి ఉన్న బండికి 12.6 దగ్గర ఉండాలి. ఇంజిను నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. తరువాత ఏసీ, హెడ్‌లైట్లు వేసి, దీపం వెలిగిన క్షణంలో ఎంత ఉందో రాయండి. 15 దాటితే రెగ్యులేటరు పోయినట్లు, బ్యాటరీ ఉడికిపోతుంది. అదయ్యాక ఎర్తు (బ్యాటరీ మైనస్‌ను బండి ఒంటికి కలిపే తీగ) చూడండి: ఒక మొన బ్యాటరీ మైనస్ మీద, రెండోది డైనమో ఒంటి మీద. ఇంజిను నడుస్తూ లైట్లు వెలుగుతున్నప్పుడు 0.2 వోల్టులకు మించి చూపిస్తే ఎర్తు తీగ తుప్పు పట్టిందన్నమాట. ఈ తుప్పుకే డైనమోలు మార్పించుకున్నవారు నాకు తెలుసు.

గుంటూరు మాస్టారు:
చూశాను తాతయ్యగారూ. ఆగి ఉన్నప్పుడు 12.5. స్టార్టు చేశాక 14.2. దీపం వెలగగానే 12.3కు పడిపోయి, ఇంకా మెల్లగా దిగుతోంది. ఎర్తు 0.05. బెల్టు కిందటేడే మార్చాను, కీచుమనడం లేదు.

షెడ్డు తాతయ్య:
అయితే ఎర్తు బాగుంది, బెల్టూ బాగుంది. వస్తే నిండుగా వస్తోంది, పోతే పూర్తిగా పోతోంది. నా అనుమానం కార్బన్ల మీద, అంటే డైనమో లోపల తిరిగే రింగులకు ఆని కరెంటు అందించే బొగ్గు ముక్కల మీద. 1,20,000 తిరిగిన బండికి అరిగే వయసే. దీపం వెలిగినప్పుడు స్క్రూడ్రైవరు చెక్క పిడితో డైనమో వెనకభాగం మీద మెల్లగా తట్టండి. చొక్కా చేతులు మడుచుకోండి, బెల్టు దగ్గరకు వేళ్లు పోనీయకండి. తట్టగానే దీపం ఆరితే ఇక వెతకనక్కరలేదు.

అప్పటిదాకా రాత్రి ప్రయాణాలు మానండి. ఛార్జింగ్ లేకపోతే బండి నడిచేది బ్యాటరీ మీదే. హెడ్‌లైట్లు, బ్లోయరు, వైపర్లు కలిసి 25 ఆంపియర్లు లాగితే, 45 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) బ్యాటరీ గంటన్నర కూడా నిలవదు. దీపంతోపాటు వేడి ముల్లు కూడా పైకి లేస్తే మాత్రం వెంటనే ఆపేయండి. బెల్టు తెగి, దానితో తిరిగే నీళ్ల పంపు ఆగిపోయి ఉండవచ్చు.

గుంటూరు మాస్టారు:
తట్టాను, ఆరింది! మూడోసారి తట్టేటప్పటికి మా ఆవిడ బయటికి వచ్చి, కారుకు కూడా పాఠం చెబుతున్నారా అని అడిగింది.

ఇవాళ విజయవాడ ఆటోనగర్‌లో విప్పించాను. ఒక కార్బను మూడు మిల్లీమీటర్లే మిగిలింది, స్ప్రింగు దాన్ని రింగుకు ఆనించలేకపోతోంది. కార్బన్లతో కలిపి రెగ్యులేటరు 1,150, గరగరమంటున్న బేరింగు 380, కూలి 600. స్లిప్ రింగుల మీద సన్నటి గాడి పడితే సాపు చేసి బిగించారు. ఇప్పుడు ఏసీ, లైట్లు అన్నీ వేసినా ఐడిల్‌లో 14.1 దిగడం లేదు. వారధి మీద నలభై నిమిషాలు ఇరుక్కున్నాను కూడా, దీపం పలకలేదు.

తాతయ్యగారూ, ఒక్క సందేహం. నేను ఇచ్చేసిన పాత బ్యాటరీ బాగానే ఉండి ఉంటుందా?

షెడ్డు తాతయ్య:
ఉండి ఉంటుంది. ఈపాటికి ఇంకెవరి కారులోనో ఉంటుంది.