పక్క చేనోళ్ల పందుల వేట, మా గట్టు మీద కరెంటు తీగ. ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది సీతారామపురం మండలం, వెలిగొండల కింద ఊరు. ఊరి పేరు రాయను, రాస్తే ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. నాలుగెకరాలుంది, రెండున్నర ఎకరాల్లో వేరుశనగ, మిగతా దాంట్లో రెండేళ్ల కిందట పెట్టిన నిమ్మ. తూర్పు గట్టుకు అవతలి చేను మా ఊరాయనే ఒకాయన కౌలుకు చేస్తున్నాడు. నాన్నకు వరసకు బావ, నేను చిన్నప్పటి నుంచి మామా అనే పిలుస్తాను. నేను బెంగళూరులో ఉద్యోగం, అమ్మానాన్నలు ఊళ్లోనే ఉంటారు.

పోయిన నెల ఒక రాత్రి మా కుక్క ఇంటికి రాలేదు. తెల్లారి నాన్న వెళ్లి చూస్తే గట్టు మీద చచ్చి పడి ఉంది, మూతి దగ్గర కాలిన మచ్చ. పక్కనే చిన్న చిన్న పుల్లలు పాతి, నేలకు జానెడు ఎత్తులో బైండింగ్ వైరు కట్టారు, దాని కొస అలా పోయి పోయి పొలంలోంచి వెళ్లే కరెంటు లైను కింద ఆగింది. నాన్న రోజూ రాత్రి పది దాటాక టార్చి పట్టుకుని కాపలాకు నడిచేది ఆ గట్టు మీదే. ఆ రాత్రి జ్వరంగా ఉండి పోలేదు, అంతే. ఈ మాట ఫోన్‌లో విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు.

మామను అడిగితే, పందుల కోసం పెట్టాం, కుక్క అడ్డం పడింది, మీకు చెప్పడం మర్చిపోయాం, పందులు తగ్గితే మీకూ మేలే కదా అన్నాడట. ఆయనొక్కడే అయితే ఏదో సర్దుకునేవాళ్లం. శనివారాల్లో టౌను నుంచి ఐదారుగురు కుర్రోళ్లు బైకుల మీద దిగుతారు, తలకు లైట్లు, వెంట కుక్కలు. తరుముకుంటూ మా చేలో పడతారు, నిమ్మ మొక్కలు రెండు విరిగాయి. మా కంచెలోనే క్లచ్ వైరుతో చేసిన ఉచ్చులు రెండు దొరికాయి. ఇది మా హద్దు అంటే, గట్టు మాదేనంటున్నారు, హద్దు రాయి ఎప్పుడో పోయింది.

పందుల మీద నాకేం ప్రేమ లేదు. పోయినేడు కాయ ఊరే టైములో మూడు రాత్రుల్లో అరెకరం నాగలితో దున్నినట్టు చేసి పోయాయి. కానీ గట్టు మీద కరెంటు పెడితే ఎట్లా? కంప్లైంట్ ఇస్తే బంధుత్వం పోతుంది, ఇవ్వకపోతే నాన్న ప్రాణం. ఎవరికి చెప్పాలి, ముందు ఏది చేయాలి, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పామూరు రైతు:

తమ్ముడూ, ముందు నాన్నకు ఫోన్ చేసి రాత్రి పూట ఆ గట్టు తొక్కొద్దని చెప్పు. మిగతావన్నీ తర్వాత.

మా దగ్గర కరెంటు కాదు, నాటు బాంబులు. తిండి ఉండలో పెట్టి పందులు తిరిగే దారిలో వదిలేస్తారు. నాలుగేళ్ల కిందట మా పాడి ఆవు పక్కోళ్ల గట్టున మేస్తూ ఒకటి కొరికింది. దవడ లేచిపోయింది. రెండు రోజులు బతికింది, నీళ్లు తాగలేక మమ్మల్ని చూస్తా ఉండేది. ఆ రెండు రోజులు మా అమ్మ అన్నం ముట్టలేదు.

ఆ కోపంలో నేను చేసిన తప్పు నువ్వు చేయొద్దు. వాళ్లు వేటకొచ్చిన రాత్రే నేనూ మా తమ్ముడూ కర్రలు పట్టుకుని పోయాం. వాళ్లు తాగి ఉన్నారు, ఒకడి దగ్గర నాటు తుపాకీ ఉంది. ఏమీ కాలేదంటే మా అదృష్టం. చీకట్లో, మందు మీద ఉన్నోళ్లతో, వేట ఊపులో ఉన్నోళ్లతో హద్దు గురించి మాట్లాడితే మాట ఎవరి చెవికీ ఎక్కదు. తర్వాత పగలు ఊరి పెద్ద ఇద్దరిని తీసుకుని, ఆ చేను సొంతదారు ఇంటికి పోయాం, కౌలుదారు దగ్గరికి కాదు. ఆయన ఒంగోలులో ఉంటాడు, తన పొలంలో ఇది జరుగుతోందనే ఆయనకు తెలియదు. నా భూమిలో ఎవరైనా చస్తే నేను స్టేషన్ చుట్టూ తిరగాలా అని వచ్చే ఏడు కౌలు ఇవ్వనన్నాడు. ఆ ఒక్క మాటతో ఆగింది. మీ పక్క చేను కూడా కౌలుదే కదా, సొంతదారు ఎవరో చూడు.

హద్దు సంగతి కూడా ఇప్పుడే తేల్చుకో. సచివాలయంలో అర్జీ పెట్టి సర్వేయర్‌తో ఎఫ్‌ఎంబీ (పొలాల హద్దుల కొలతలుండే సర్వే పుస్తకం) ప్రకారం కొలిపించు, పక్కోళ్లకు నోటీసు ఇప్పించు, అందరి ముందు రాళ్లు పాతించు. గట్టు ఎవరిదో తేలకుండా గట్టు మీది తీగ ఎవరిదని అడగలేవు.

లైన్లమీద పని:

నేను కరెంటు పనిలో పదహారేళ్లుగా ఉన్నా. ఒక విషయం చెప్పాలి, చాలామంది ఫ్యూజు పోతుందిలే అనుకుని ఈ తీగలు పెడతారు. పోదు. మనిషి తగిలినప్పుడు ఒంట్లోంచి భూమిలోకి పోయే కరెంటు ప్రాణం తీయడానికి చాలు, కానీ ఫ్యూజు పోవడానికి చాలదు. తడి నేల, చెప్పుల్లేని కాళ్లు అయితే ఇక చెప్పేదేముంది. ఎవరైనా తగులుకున్నారని చూస్తే పరుగెత్తి పట్టుకోవద్దు, ఒకరి కోసం పోయి ఇద్దరు ముగ్గురు పోయిన ఇళ్లు ఉన్నాయి. ముందు సప్లై ఆపించాలి.

తీగ కనిపిస్తే నాన్నగారిని చేత్తో పీకనివ్వకండి. దూరం నుంచి ఫోటో తీసి లైన్‌మెన్‌కు చెప్పండి, లేదంటే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు చేయండి. లైనుకు కొక్కెం వేయడం కరెంటు దొంగతనం కిందికే వస్తుంది, 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్. వేట కేసు అని చెప్పక్కర్లేదు, పొలంలో లైనుకు కొక్కెం వేశారు, ప్రమాదంగా ఉంది అంటే చాలు, మావాళ్లు వచ్చి తీయాలి.

కౌలు రైతు:

నేను మీ మామ పక్షం కాదు, కరెంటు పెట్టడం తప్పే, కుక్క చచ్చిన రోజే మీ ఇంటికొచ్చి తల దించుకుని ఉండాల్సింది. కానీ ఇక్కడ కేసు పెట్టు అనేవాళ్లు ఒక్క కార్తె చేలో పడుకుని చూడాలి. సొంత రైతుకు పంట పోతే ఒక బాధ, కౌలు రైతుకు పంట పోయినా కౌలు కట్టాలి, పాస్‌బుక్కు ఆయన పేరున ఉండదు, నష్టపరిహారం అడగాలంటే ఎవరి కాగితం పట్టుకుని పోవాలి? ఆ కుర్రోళ్లను ఆయన ఎందుకు పిలిచాడో అడిగారా? సరదాకా, పంట నిలవకా? పంట నిలవకే అయితే మాట్లాడటానికి చోటుంది.

అటవీ శాఖలో పనిచేసి రిటైరైన వ్యక్తి:

పైన కౌలు రైతు గారన్నది నిజం, ఆ బాధ నేను ముప్పై ఏళ్లు చూశాను. అయినా చట్టం ఏమంటుందో మీ నాన్నగారికీ మీ మామకూ ఇద్దరికీ తెలియాలి.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట అంటే చంపడమే కాదు. ఉచ్చు వేయడం, ఎర పెట్టడం, కుక్కలతో తరమడం, ప్రయత్నించడం కూడా వేటే. పొలం తమదైనా సరే. 2022 సవరణ తర్వాత అడవిపంది రెండో షెడ్యూల్‌లో, అంటే చట్టం కాపాడే జంతువుల రెండో జాబితాలో ఉంది, మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉండొచ్చు. కానీ ఉచ్చుకు, తీగకు పందే పడాలని లేదు కదా. మీ కొండల్లో ఎలుగు ఉంది, చిరుత ఉంది, నెమళ్లు సరేసరి. అవి మొదటి షెడ్యూల్, తక్కువలో తక్కువ మూడేళ్లు, ఏడేళ్ల దాకా పోతుంది. పంటను నాశనం చేసే జంతువును చంపడానికి 11వ సెక్షన్ కింద అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇచ్చే వీలు ఉంది. ఆ కాగితం లేకుండా, టౌను కుర్రోళ్లు శనివారం వచ్చి చేసేదానికి పంట పేరు చెప్పడం కుదరదు.

ఇంకో మాట, మీరు అడగలేదు గానీ చెప్పాలి. ఇలాంటి చోట వేట మాంసంలో వాటా పంపుతారు. దయచేసి తీసుకోవద్దు. వేటాడిన జంతువు చట్టం దృష్టిలో ప్రభుత్వ ఆస్తి, ఆ మాంసం ఇంట్లో దొరికితే వేటకు పోని వాళ్లూ కేసులో ఇరుక్కుంటారు.

చెప్పే పద్ధతి: మీ ప్రాంతం చూసే అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌ను పగటి పూట విడిగా కలవండి, నమ్మకం కుదరకపోతే ఉదయగిరి అటవీ రేంజ్ ఆఫీసుకే పోండి. తేదీలు, టైము, తీగ ఫోటోలు, ఉచ్చులు దొరికిన చోటు ఒక కాగితం మీద రాసుకుని పోండి. ఉచ్చులను మీరు తీసి ఇంట్లో పెట్టుకోవద్దు, మీ దగ్గర దొరికినట్టు అవుతుంది. ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క కూడా రాయొద్దు. తుపాకీ కనిపిస్తే మాత్రం ఇవేవీ ఆలోచించకుండా పోలీసులకు 112.

అడిగిన వ్యక్తి:

అందరికీ చేతులెత్తి దండం. వాటా విషయం చదివి గుండె ఆగినంత పనైంది, నాన్న ఒకసారి తీసుకున్నాడు, రెండోసారి అమ్మ వెనక్కి పంపింది. ఉచ్చులు రెండూ మా వసారాలోనే ఉన్నాయి, నాన్న పీకి తెచ్చి పెట్టాడు. ఏం చేయమంటారు?

పొద్దున మామకు నేనే ఫోన్ చేశాను. అరవలేదు. మామా, ఆ రాత్రి నాన్నకు జ్వరం లేకపోతే నువ్వే మా ఇంటికి వచ్చి పాడె కట్టాల్సి వచ్చేది అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, పోయినేడు సజ్జ మొత్తం పోయింది, కౌలు కోసం అత్త గాజులు కుదువపెట్టాను, ఆ కుర్రోళ్లు పందికి ఇంత అని ఇస్తున్నారు అన్నాడు. తీగ ఇక పెట్టనని అమ్మవారి మీద ఒట్టు వేశాడు. కుర్రోళ్లు తన మాట వింటారో లేదో అని మాత్రం భయపడుతున్నాడు.

అటవీ శాఖలో పనిచేసి రిటైరైన వ్యక్తి:

ఆ ఉచ్చులు రేపే బీట్ ఆఫీసర్‌కు అప్పజెప్పి, ఏ రోజు ఎక్కడ దొరికాయో అర్జీలో రాయించండి. మీ మామ కూడా వెంట వస్తే ఇంకా మంచిది. టౌను వాళ్లు రావద్దంటే వినడం లేదని ఆయనే చెబితే, ఆయన మీదికి పోయే కేసు కాస్తా దారి మారుతుంది. ఆయన ఒట్టు నిజమే అనుకుందాం, కానీ శనివారం మీ నాన్న పొలానికి పోకూడదు.

పామూరు రైతు:

ఇద్దరి చేలకూ కలిపి సోలార్ కంచె ఆలోచించండి, ఖర్చు చెరిసగం. అది సెకనుకు ఒకసారి చిన్న దెబ్బ కొట్టి వదిలేస్తుంది, లైను కరెంటులా పట్టుకుని ఉండదు, పంది బెదిరి పోతుంది, మనిషి బతుకుతాడు. కింది తీగ జానెడు ఎత్తుకు మించకూడదు, పంది దూరిపోతుంది. గడ్డి తగిలితే పవర్ లాగేస్తుంది, పది రోజులకోసారి కింద కలుపు తీయాల్సిందే, మేం మొదటి ఏడు అది చేయక నష్టపోయాం. సోలార్ యంత్రం లేకుండా మామూలు కరెంటు కలిపి ఇదే సోలార్ అనేవాళ్లుంటారు, దగ్గరికి రానీకండి. ఈ పంటకు అది కుదరకపోతే చుట్టూ నాలుగు సాళ్లు కుసుమ వేయండి, ముళ్లకు పంది వెనకాడుతుంది. మంగలి షాపు వెంట్రుకలు చల్లడం కూడా మేం చేశాం, వాన పడేదాకా పనిచేసింది.

అడిగిన వ్యక్తి:

సరే అన్నా. నాన్నకు చెప్పాను, నేను వచ్చేదాకా రాత్రి ఇల్లు కదలనన్నాడు. శుక్రవారం రాత్రి బస్సుకు బయల్దేరుతున్నా. సర్వే అర్జీ, రేంజ్ ఆఫీసు రెండూ అయ్యాక ఇక్కడే రాస్తాను.