రైటర్ల డిన్నర్‌లో పేలిన జోకు స్టేజీ మీద తుస్సుమంటోంది, ఎక్కడ సరిచేయాలి?

చివరివరుస:
ఐదారుగురు స్టాండప్ రైటర్లం భోజనాల దగ్గర కూర్చుని ఒకరి బిట్లు, అంటే చిన్న జోకు ముక్కలు, ఒకరికి వినిపించుకుంటాం. పాత సెట్‌లోని భార్యల జోకులకి బల్ల దగ్గర అందరూ పడీపడీ నవ్వారు. ఓపెన్ మైక్‌లో (ఎవరైనా ఎక్కి చెప్పుకునే స్టేజీ) అవే చెబితే సెటప్ దగ్గరే, అంటే పంచ్‌కి ముందు మాటల దగ్గరే, జనం బిగుసుకుపోతున్నారు. లోపం రాతలో ఉందా, చెప్పడంలో ఉందా? "ఈ కాలం జనానికి అన్నీ తప్పే" అనే చర్చ వద్దండీ, పనికొచ్చేది చెప్పండి.

మైకుస్టాండు:
సెటప్ దగ్గరే అన్నారు కదా, జబ్బు అక్కడే ఉంది. సెటప్ అంటే జనం మారుమాట్లాడకుండా ఒప్పుకోవాల్సిన మాట. "భార్యలంటే సతాయించేవాళ్లే" అని హాలంతా ఒప్పుకున్న రోజుల్లో అది నాలుగు మాటల్లో అయిపోయేది. ఇప్పుడు సగంమంది "ఎవరన్నారు?" అనుకుంటారు. వాళ్లు ఆ ఆలోచనలో ఉండగానే మీ పంచ్ వచ్చి వెళ్లిపోతుంది. ఒప్పించడానికి సెటప్ పెంచారా, ఇంకా చెడుతుంది.

ముందు ఫోన్‌లో రికార్డు పెట్టి, మూడు షోల్లో అక్షరం మార్చకుండా చెప్పండి. మారిస్తే దేనివల్ల పోయిందో తేలదు. తర్వాత విని చూడండి. సెటప్ మధ్యలోనే హాలు చల్లబడితే, జనం ఒప్పుకుంటారని మీరు పెట్టుకున్న ఊహ తప్పు. సెటప్‌కి బాగానే ఉండి పంచ్ దగ్గర నిశ్శబ్దమైతే పంచ్ బలహీనం, లేదా ముందే తెలిసిపోయింది. పంచ్‌కి "ఊఁ..." అని మూలుగు వస్తే గురి తప్పు, అంటే జోకు ఎవరి మీద వేశారో అది. మూడింటికీ మందు ఒకటి కాదు.

ఊహ తప్పైతే "అందరూ" తీసేసి ఒక్క మనిషిని పెట్టండి, దెబ్బ చెప్పేవాడి మీదకి తిప్పండి. పాతది: "మా ఆవిడ గంటకోసారి నా లొకేషన్ చూస్తుంది. భార్యలంతా అంతే, అనుమానం!" కొత్తది: "మా ఆవిడ గంటకోసారి నా లొకేషన్ చూస్తుంది. అనుమానం కాదు, మందుల షాపు దాటిపోయానేమో అని. దాటిపోయాను." ట్యాగ్ (పంచ్ తర్వాత తగిలించే ఇంకో చిన్న పంచ్): "చీటీ కూడా ఇంట్లోనే ఉంది." ఇక్కడ జనం ఒప్పుకోవాల్సింది ఒక్కటే, వీడికి మతిమరుపని. దానికి ఎవరూ అడ్డు చెప్పరు.

తోకజోకు:
ఆ బల్లని నమ్మకండి. రైటర్లు నవ్వేది మలుపు కట్టిన పనితనానికి. పైగా మీరు మంచివాళ్లని వాళ్లకి ముందే తెలుసు. హాల్లో వాళ్లకి తెలియదు. నిజంగా నచ్చినప్పుడు చాలామంది రైటర్లు నవ్వను కూడా నవ్వరు, "బాగుంది" అని తల ఊపుతారు. నోట్లో ముద్ద ఉండగా చదవొద్దు, తినడం అయ్యాకే. మనిషికి మూడు నిమిషాలు, నిలబడి, కాగితం చూడకుండా. "ఇది కొంచెం డార్క్" అని ముందుమాట చెప్పొద్దు. విన్నవాళ్లు మీ పక్షం చేరిపోతారు, పరీక్ష అక్కడితో సరి. రాతతో సంబంధం లేనివాళ్లు ఇద్దరైనా ఉండాలి. అక్కడ ఎవరైనా ట్యాగ్ ఇస్తే అది ఇచ్చేసినట్టే అని మొదటే అనుకోండి, లేకపోతే స్నేహాలు చెడతాయి.

పాతటేపు:
జనం మారడం కొత్తేమీ కాదు. 1964లో న్యూయార్క్‌లో అమెరికన్ కమెడియన్ లెనీ బ్రూస్‌కి శిక్ష పడింది స్టేజీ మీద వాడిన బూతు మాటలకి. క్షమాభిక్ష వచ్చింది 2003లో, ఆయన పోయిన 37 ఏళ్లకి. 1979లో లండన్‌లో కామెడీ స్టోర్ అనే క్లబ్ తెరిచాక అక్కడ చేరిన కొత్తవాళ్లలో చాలామంది అత్తగారి జోకుల్నీ, జాతి మీద జోకుల్నీ కావాలనే పక్కన పెట్టారు. అంటే మాట మీద పట్టు సడలుతూ వచ్చింది, ఎవరి మీద జోకు అన్నదాని మీద బిగుస్తూ వచ్చింది. అందుకే బూతు తీసేసి అదే గురి ఉంచితే బిట్ బతకదు.

చివరివరుస:
మైకుస్టాండు గారూ, మార్చిన బిట్‌ని ఐదు నిమిషాల సెట్‌లో ఎక్కడ పెట్టాలి?

మైకుస్టాండు:
రెండో నిమిషం తర్వాత, బాగా పేలే రెండు బిట్ల మధ్యలో, నలభై సెకన్లు మించకుండా. మొదట పెడితే పడ్డ దెబ్బ సెట్ అంతా మోయాలి. ఆఖర్న మాత్రం మీ దగ్గరున్న గట్టి బిట్టే ఉండాలి. బిట్ పేలకపోతే ఆగకుండా తర్వాతి బిట్‌లోకి వెళ్లిపోండి. "అర్థం కాలేదా?" అన్నారంటే తర్వాతి జోకు కూడా పోయినట్టే. ట్యాగ్ మాత్రం మొదటి షోలో కలపొద్దు, పంచ్ ఒక్కటీ నిలబడుతుందో లేదో తేలాకే.